కవరులోనే కూలిన చెట్టు

రెండేళ్ల క్రితం మే నెలలో ఒక సాయంత్రం, పట్టుమని పావుగంట కూడా వీయని ఈదురుగాలికి, హైదరాబాదు శివార్లలో మేముంటున్న కాలనీలో మా గేటు పక్కనున్న పచ్చతురాయి చెట్టు మొదలంటా లేచి పక్కింటివారి ప్రహరీ మీద ఒరిగిపోయింది. పద్నాలుగేళ్ల చెట్టు, ముప్ఫై అడుగుల ఎత్తు, అడుగు మందం మాను, వేసవి వచ్చిందంటే వీధంతా పసుపు పరిచేసే పువ్వు. ఇలాంటి వార్తల్లో 'కూకటివేళ్లతో సహా నేలకూలింది' అని రాస్తుంటారు. దగ్గరికి వెళ్లి చూసినప్పుడు నాకు ముందుగా తట్టింది ఆ మాట ఇక్కడ చెల్లదని. దానికి కూకటివేళ్లు లేవు.

పైకి లేచిన వేరుముద్దను అడ్డంగా కొలిస్తే నాలుగడుగులు కూడా లేదు. దాని నడిమధ్యన ముంజేతి మందాన వేర్లు ఒకదాని మీద ఒకటి, కుండ కింద పెట్టే చుట్టకుదురులా, గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. ఆ చుట్టల సందులో వేలు పెట్టి మట్టి రాలిస్తే నల్లటి పాలిథిన్ ముక్క ఒకటి బయటపడింది. ఆ మొక్కను నర్సరీ నుంచి కవరుతో తెచ్చి, అడుగున మాత్రం బ్లేడుతో కోసి, వేరు చెదరకూడదన్న జాగ్రత్తతో ఉన్నదున్నట్టు గోతిలో దించింది నేనే. చెట్టు కూలడానికి ఆ జాగ్రత్తే కారణమని ఒప్పుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది.

మర్నాడు రంపాలతో మనుషులు వచ్చి మానును ముక్కలు చేస్తున్నంతసేపూ కాలనీ పెద్దలు చుట్టూ నిలబడి తీర్పు చెప్పేశారు. "పచ్చతురాయి వేర్లు పైపైనే ఉంటాయండీ, అది గాలికి ఆగే జాతి కాదు" అన్నది ఆ తీర్పు. దాని వెంటే రెండో మాట: అదే వరుసలో అదే ఏడాది నాటిన తక్కిన ఆరు చెట్లనూ ఇప్పుడే కొట్టించేస్తే మేలని. రెండు మాటలూ తప్పేనని నా వాదన. చెట్టు కూలింది జాతి వల్ల కాదు, కవరు వల్ల, గోతి వల్ల, దాని చుట్టూ మనం పోసిన సిమెంటు వల్ల. చెట్టు నేలలో ఎలా నిలబడుతుందో తెలుసుకోకుండా, దాని ఎత్తును చూసి కొని, ఎత్తును చూసి మురిసి, చివరికి ఎత్తుకే భయపడి నరికేస్తున్నాం.

వేరు పెరిగే తీరులో ఒక సంగతి పట్టుకుంటే తక్కినవన్నీ దాని వెంటే వస్తాయి. వేరు పొడుగు సాగేది కొనలో మాత్రమే. విత్తనం పగిలి మొదటి వేరు బయటికి రాగానే దాని కొనకున్న చిన్న తొడుగులోని పిండి రేణువులు బరువుకు అడుగుకు చేరి కింద ఎటో చెబుతాయి. ఆ వేరు కిందికి దిగుతుంది. తొడుగు వెనక కొద్ది మిల్లీమీటర్ల మేర కొత్త కణాలు పుట్టి సాగుతూ కొనను ముందుకు నెడతాయి. ఆ వెనక నూగువేర్లు మొలిచి నీళ్లను, లవణాలను పీల్చి కొన్నాళ్లకే రాలిపోతాయి. ఇంకా వెనకనున్న భాగం ఇక పొడుగు సాగదు, ఎక్కడ ఉన్నది అక్కడే ఉండి ఏటేటా లావెక్కుతుంది. అందువల్ల పెన్సిలు మందాన ఉన్నప్పుడు వేరు ఏ వంపు తిరిగి ఉందో, దుంగంత లావైనప్పుడూ అదే వంపులో ఉంటుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు అన్నది కొమ్మను చూసి అయి ఉంటుంది. వేరు దగ్గర సామెతను తిరగేసుకోవాలి: మొక్కప్పుడు వంగిన వేరు మానయ్యాక చక్కబడదు.

ఇక తల్లివేరు. చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో చూసిన బొమ్మ మన తలల్లో ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, పైన ఎంత చెట్టుందో కింద అంత వేరు, అద్దంలో నీడలాగా, లోతుగా దిగి ఉంటుందని ఇంజనీర్లు కూడా నమ్ముతారు. మొదటి రెండు మూడేళ్లలో తల్లివేరు ముందుండే మాట నిజమే. ఆ తర్వాత చాలా జాతుల్లో పక్కవేర్లే పెత్తనం తీసుకుంటాయి. మాను మొదట్లోంచి నాలుగు మొదలుకుని పది పన్నెండు దాకా పెద్ద వేర్లు నలుదిక్కులా విచ్చుకుని, మొదటి నాలుగైదు అడుగుల్లోనే వేగంగా సన్నబడి, అక్కణ్ణుంచి తాళ్లలా మారి ఎంతో దూరం పోతాయి. వాటి నుంచి అక్కడక్కడ కొన్ని మేకుల్లా కిందికి దిగుతాయి. మొత్తం వేర్లలో ఎక్కువ భాగం నేల పై పొరలో, రెండు మూడు అడుగుల లోపలే ఉంటుంది. నీటిని పీల్చే సన్నవేర్లయితే మొదటి అడుగులోనే. వెడల్పు మాత్రం నీడ అంచుతో ఆగదు, అడ్డు లేకపోతే నీడకు రెండు మూడింతల దూరం పోతుంది. జెండాకర్రను గోతిలో దించి బిగించినట్టు కాక, దీపపు సెమ్మె తన వెడల్పాటి పీఠం మీద నిలబడినట్టు నిలబడుతుంది చెట్టు. కాబట్టి 'వేర్లు పైపైనే ఉంటాయి' అన్నది పచ్చతురాయి మీద మోపే నేరం కాదు, ఇంచుమించు ప్రతి చెట్టు లక్షణమూ అదే. పీఠం వెడల్పుగా ఉందా, అన్ని వైపులా ఉందా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

వేర్లు పై పొరలోనే ఎందుకు ఉంటాయంటే, వేరు ఊపిరి తీసుకుంటుంది కనుక. ఆకుకు లాగే వేరుకూ ఆక్సిజన్ కావాలి. అది మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోంచి కిందికి దిగాలి. లోతుకు పోయేకొద్దీ గాలి తగ్గుతుంది, మట్టి గట్టిపడుతుంది. మా కాలనీ లాంటి చోట్ల లేఅవుటు వేసేటప్పుడే పై మట్టిని గీకి అమ్ముకుని, మొరం పరిచి, రోడ్డురోలరుతో తొక్కించి, దాని మీద ఇటుకల లారీలు ఏడాదిపాటు తిప్పుతారు. అలాంటి నేలను గునపంతో పొడిస్తే నిప్పురవ్వలు వస్తాయి. వేరుకొన దానిలోకి ఎలా చొరబడుతుంది? వేర్లు నీటిని వెతుక్కుంటూ గోడలు తొలుచుకుని పోతాయని అంటాం గాని, వేరు ఏదీ దూరం నుంచి వాసన పట్టి పరుగెత్తదు. గాలీ తడీ రెండూ ఉన్న సందు ఎక్కడ దొరికితే అక్కడ సాగుతుంది, దొరికిన చోట గుబురుగా అల్లుకుంటుంది, దొరకని చోట ఆగిపోతుంది. వేరుకున్న తెలివంతా అంతే.

ఇప్పుడు కవరు దగ్గరికి వద్దాం. మా వైపు లేఅవుట్లకు వచ్చే అలంకరణ చెట్లలో చాలా భాగం కడియం ప్రాంతం నుంచే వస్తాయి. రాజమహేంద్రవరం దాటాక జాతీయ రహదారికి ఇరుపక్కలా కడియపులంక చుట్టుపక్కల ఊళ్లలో మైళ్ల పొడవున పరుచుకున్న ఆ నర్సరీలను చూస్తే, గోదావరి ఒండ్రుమట్టీ కాలువ నీళ్లూ తరాల నాటి చేతివాటమూ కలిస్తే ఏం పండించవచ్చో తెలుస్తుంది. వాళ్ల పనితనం మీద నాకు ఫిర్యాదు లేదు. చిక్కు కవరులో ఉంది. కవరులో మొక్క వేరు సాగి సాగి గోడకు తగులుతుంది. నున్నని పాలిథిన్‌లో చొరబడలేక పక్కకు తిరిగి, గోడ వెంబడి గుండ్రంగా చుట్టడం మొదలుపెడుతుంది. మొక్క ఎదిగాక చిన్న కవరు తీసి పెద్ద కవరులో పెడతారు, మళ్లీ అదే కథ. నేను కూలిన చెట్టు వేరుముద్దను ఆదివారమంతా కూర్చుని నీళ్ల పైపుతో కడిగాను. అందులో ఒకదాని లోపల ఒకటిగా మూడు చుట్లు కనిపించాయి: లోపలిది చెంబు అంత, దాని మీదిది బిందె అంత, పైది సిమెంటు తొట్టి అంత. ఆ మొక్క బతుకులో ఎన్ని కవర్లు మారిందో లెక్కపెట్టుకోవచ్చు. పై చుట్టు నుంచి మాత్రమే, అదీ రెండు వైపులకు మాత్రమే, రెండు వేర్లు బయటి నేలలోకి పోయాయి. గాలి మూడో వైపు నుంచి వచ్చింది.

కడిగినప్పుడు ఇంకో సంగతి కూడా బయటపడింది. మాను మొదలు నేలను తాకే చోట కొంచెం విచ్చుకుని, పాదం చాచినట్టు వేర్లుగా మారాలి. మా చెట్టుకు ఆ చోటు ఐదంగుళాల లోతున పూడిపోయి ఉంది. కవరు మార్చిన ప్రతిసారీ పైన రెండు గుప్పెళ్ల మట్టి ఎక్కువ పడుతుంది. నాటేటప్పుడు 'గట్టిగా నిలబడుతుంది' అనుకుంటూ మనం ఇంకా లోతుగా దించుతాం. పూడిన మానులోంచి సన్నని కొత్త వేర్లు పుట్టి, అవి మొదలు చుట్టూ అడ్డంగా పడి, లావెక్కే మానును తాడులా బిగిస్తాయి. పైన ఆకు పచ్చగానే ఉంటుంది. విద్యుత్ స్తంభంలా నేలలోకి నిటారుగా దిగిపోయిన మాను ఎక్కడైనా కనిపిస్తే, దాని పాదం పూడిపోయిందని అనుమానించాల్సిందే. ఇది తెలిశాక వీధిలో నడుస్తుంటే చెట్ల పాదాల వైపే నా చూపు పోతోంది. ఇంట్లోవాళ్లు దీన్నొక జబ్బు కింద జమకట్టారు.

ఇవి నా ఇంటి ముందు కనిపెట్టిన కొత్త సంగతులు కావు. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ గిల్‌మన్ తొట్టెల్లో పెంచిన చెట్ల వేర్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి, నాటే ముందు వేరుముద్ద అంచును చుట్టూ అంగుళం మేర చెక్కేస్తే కోసిన చోట పుట్టిన కొత్త వేర్లు తిన్నగా బయటికి సాగుతాయని చూపించారు. వేరును ముట్టుకుంటే మొక్క చస్తుందని నమ్మే మనకు ఈ పద్ధతి కసాయితనంలా కనిపిస్తుంది. కాని వేరును కోసిన చోట దాని వెనక నుంచి కొత్తవేర్లు గుత్తిగా వస్తాయి. నీళ్లు సరిగ్గా పోస్తే నాలుగు వారాల బెంగ తప్ప మొక్కకు వచ్చే నష్టం పెద్దగా ఉండదు. వేరు గోడకు తగలగానే గాలి సోకి కొన ఎండిపోయేలా చిల్లులున్న తొట్టెలూ ఉన్నాయి; వాటిలో వేరు చుట్టదు, లోపలే కొమ్మలు వేస్తుంది.

మరి మన నర్సరీల్లో అంచు ఎందుకు చెక్కరు? అడిగేవాడు లేడు కనుక. నేను ఆ మొక్క కొన్నరోజు నర్సరీ ఆయన అన్నమాట నాకింకా గుర్తుంది: "ఇది పన్నెండడుగులుందండి, మీ గేటు పక్కన పెట్టారంటే రేపట్నుంచే నీడండి." ధర అడుగుల లెక్క. కవరు చిన్నదైతే లారీలో ఎక్కువ మొక్కలు పడతాయి, కిరాయి తగ్గుతుంది. అంత చిన్న కవరులో అంత ఎత్తు ఎలా నిలబడిందో కొనేవాడు అడగడు. పన్నెండడుగుల మొక్కను బకెట్టంత ముద్దలో పెట్టి అమ్మేవాడిది తప్పైతే, దాన్నే ఏరి కొని, పక్కనున్న నాలుగడుగుల బలమైన మొక్కను 'ఇదెప్పటికి పెరిగేను' అని వదిలేసిన నాది ఇంకా పెద్ద తప్పు. నేలలో పెంచి తవ్వి గోనెపట్టాతో ముద్ద కట్టి అమ్మే పెద్ద చెట్లదీ ఇలాంటి కథే. తవ్వేటప్పుడు దాని వేర్లలో తొంభై శాతానికి పైగా పాత గోతిలోనే ఉండిపోవచ్చు. చెట్టు ఎంత పెద్దదైతే ఆ లోటు పూడ్చుకోవడానికి అంత కాలం పడుతుంది, ఈలోగా చిన్నగా నాటిన మొక్క దాన్ని అందుకుని దాటిపోవడం కొత్తేమీ కాదు.

ఇక్కడ తాటిజాతి చెట్ల సంగతి చెప్పకపోతే పాఠకులే అడుగుతారు. రాయల్ పామ్‌లూ ఫాక్స్‌టెయిల్ పామ్‌లూ ముప్ఫై అడుగులవి తెచ్చి రాత్రికి రాత్రి గేటెడ్ కమ్యూనిటీల ముందు నిలబెడుతున్నారు కదా, అవెలా బతుకుతున్నాయి అని. వాటి వేరు వేరే రకం. మాను అడుగు నుంచి వందల కొద్దీ వేర్లు పుడతాయి, ఏ లావున పుట్టినవి ఆ లావునే ఉంటాయి, ఎన్నేళ్లయినా దుంగలు కావు. పాతవి తెగితే మొదట్లోంచి కొత్తవి వస్తాయి. అందుకే చిన్న ముద్దతో బతుకుతాయి, అందుకే ఫుట్‌పాత్‌ను లేపవు. నీడ ఇవ్వకపోవడం కూడా అందరికీ తెలిసిందే కనుక వాటిని వదిలేస్తున్నాను.

గోతి సంగతి లెక్క వేసి చూడాలి. కొమ్మలు ఇరవై అడుగుల వ్యాసాన గొడుగులా పరుచుకున్న చెట్టు కింద నీడ దాదాపు 314 చదరపు అడుగులు. చదరపు అడుగు నీడకు ఒకటి నుంచి రెండు ఘనపుటడుగుల మంచి మట్టి ఉండాలని పట్టణ వృక్షాల పనిలో ఉన్నవారు ఒక మోటు లెక్క చెబుతారు. అంటే ఆ చెట్టుకు కనీసం 314, కుదిరితే 628 ఘనపుటడుగులు కావాలి. మనం తవ్వే గొయ్యి మూడడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు: 27 ఘనపుటడుగులు. పదో వంతు కూడా కాదు. ఆ గొయ్యి మొరంలో యంత్రంతో తవ్వింది, దాని గోడలు రుద్దినట్టు నున్నగా ఉంటాయి. అందులో ఎర్రమట్టీ మాగిన పశువుల ఎరువూ నింపి, ఇంత రుచికరమైన అన్నం పెట్టామని సంతోషిస్తాం. వేరుకు ఆ గోతి దాటి పోవాల్సిన అవసరమూ ఉండదు, దారీ ఉండదు. నున్నని గోడకు తగిలి మళ్లీ చుట్టడం మొదలుపెడుతుంది. చెట్టును చిన్న కవరులోంచి తీసి పెద్ద తొట్టిలో పెట్టామన్నమాట. లోతు తగ్గించి వెడల్పు పెంచి, వేరుముద్ద వెడల్పుకు రెండు మూడింతలు తవ్వి, గోడలను పలుగుతో గాట్లు పెట్టి, తవ్విన మట్టినే గడ్డలు చితక్కొట్టి తిరిగి నింపితే చాలని ఇప్పుడు తెలిసింది. పాదు కూడా అంతే: మొదటి ఏడాది అడుగు దూరంలో కట్టిన పాదును పదేళ్లూ అక్కడే ఉంచి రోజూ బకెట్టు నీళ్లు గుమ్మరిస్తే, వేర్లు ఆ తడి దాటి ఎందుకు పోతాయి? పాదును ఏటేటా బయటికి జరపాలి, రోజూ కొంచెం పోసే బదులు నాలుగైదు రోజులకొకసారి నిండుగా పోయాలి. మా పెద్దమ్మ కొబ్బరిచెట్లకు ఏటా పాదు వెడల్పు చేయించేది. నేను అప్పుడు అది పనిలేని పని అనుకునేవాణ్ణి.

సిమెంటు సంగతికొస్తే, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013 ఏప్రిల్‌లో ఢిల్లీ చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఉత్తర్వు ఇచ్చింది. మీటరంటే వేరు లెక్కలో ఏమంత కాదు, కాని అది కూడా మన వీధుల్లో కనపడదు. మా వీధికి సీసీ రోడ్డు వేసినప్పుడు మేస్త్రి మాను బెరడుకు ఆనించి కాంక్రీటు పోశాడు. అడిగితే "నీట్‌గా ఉంటది సార్" అన్నాడు. డ్రైనేజీకో కేబులుకో కందకం తవ్వేటప్పుడయితే అడ్డొచ్చిన వేరును జేసీబీ దంతం పీకి పారేస్తుంది. నిర్మాణ స్థలాల్లోని చెట్ల కోసం బ్రిటన్ పెట్టుకున్న బీఎస్ 5837 ప్రమాణం ప్రకారం, ఛాతీ ఎత్తున మాను వ్యాసం ఎంతో దానికి పన్నెండింతల దూరం చుట్టూ వేర్ల రక్షణ కింద వదలాలి. అడుగు మందం మానుకు పన్నెండడుగులు. మా వీధి వెడల్పే ముప్ఫై అడుగులు. ఆ ప్రమాణం ఇక్కడ అక్షరాలా పాటించడం కుదరదని నాకూ తెలుసు. కాని పన్నెండు అడుగులు కుదరదు కాబట్టి ఆరంగుళాలు వదిలితే చాలన్న తర్కం నాకు అర్థం కాదు.

వేర్లు ఫుట్‌పాత్‌ను లేపుతాయన్న ఫిర్యాదు నిజమే. పలక కింద తడి ఆరదు, పలకకూ మట్టికీ నడుమ సన్నని ఖాళీలో గాలి ఉంటుంది. గట్టి మొరంలో దారి దొరకని వేరుకు అది రాచబాట. అక్కడ దూరి లావెక్కితే పలక లేస్తుంది. కింద గుల్లమట్టి ఇచ్చి ఉంటే ఆ వేరు పైకి వచ్చేది కాదు. మురుగు పైపుల్లో దూరడం కూడా అలాగే: బిగుతుగా ఉన్న పైపును వేరు పగలగొట్టదు, కారుతున్న అతుకు దగ్గర చేరి సన్నని కొనను లోపలికి పంపుతుంది. కోనోకార్పస్ అనే అలంకరణ చెట్టు వేర్లు పైపుల్ని పాడుచేస్తాయని ఈమధ్య వచ్చిన గోలంతా విన్నాక నాకు అనిపించేది ఇది. రోడ్ల నడుమా లేఅవుట్ల చుట్టూ ఒకే జాతిని గోడ కట్టినట్టు నాటడం తెలివితక్కువ పని. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడాన్ని నిషేధించడంలో తప్పు పట్టను. కాని మన నగరాల పైపులు కారడానికి కోనోకార్పస్ కారణమనడం మాత్రం, చెవిలో నీళ్లు పోయాయని చెరువును తిట్టినట్టుంటుంది.

నా వాదనకు ఎదురు నిలిచేవి లేకపోలేదు. మర్రి, రావి లాంటివి చిన్న వీధుల్లో పెట్టదగ్గవి కావు, కవరు ఎంత మంచిదైనా సరే; నిద్రగన్నేరు గొడుగు పరిచిందంటే రెండు ప్లాట్లు చాలవు. జాతి ఎంపిక అనేది ఉంది. అలాగే 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద విరుచుకుపడిన హుద్‌హుద్ లాంటి గాలికి చక్కని వేర్లున్న చెట్లు కూడా విరిగాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు చూశాను: కొన్ని చెట్లు మాను మధ్యలో చీలి మొండేలై నిలబడ్డాయి, కొన్ని పళ్లెం బోర్లించినట్టు వేరుముద్దతో సహా తిరగబడ్డాయి. మొదటి రకాన్ని గాలి విరిచింది, దానికి మనం చేయగలిగిందేమీ లేదు. రెండో రకంలో ఎన్నింటి అడుగున కవరు ఆకారం ఉందో చూడాలన్న బుద్ధి అప్పుడు నాకు లేదు.

'చిన్న మొక్క పెడితే మేక తినేస్తుంది, పిల్లలు విరిచేస్తారు, ఎవరు కాపలా కాస్తారు' అన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. కంచె కట్టాలి, మూడేళ్లు చూసుకోవాలి, నిజమే. ఊతకర్ర కూడా పెట్టాలి, కాని ఊగడానికి వీలుగా వదులుగా, ఏడాది తిరక్కుండా తీసేసేలా. గాలికి ఊగిన మొక్కే మొదలు లావు చేసుకుని వేరు బలపరుచుకుంటుంది. ఇనుప గొట్టానికి మూడుచోట్ల బిగించి కట్టినదానికి ఆ పని చేసుకోవాల్సిన అవసరమే కలగదు.

నాకు దొరికిన గట్టి సాక్ష్యం మాత్రం పుస్తకాల్లోది కాదు, పక్క ఖాళీ ప్లాటులోది. మా వరుస చెట్ల కాయలు ఎండి గాలికి కొట్టుకుపోయి ఆ ప్లాటులో పడి, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా మొలిచిన పచ్చతురాయి ఒకటి అక్కడుంది. తొమ్మిది పదేళ్లది, ఎత్తు దాదాపు మా చెట్టంత. అదే మొరం, అదే సాయంత్రం, అదే గాలి. రెండు కొమ్మలు విరిగాయి, మాను కదల్లేదు. మొదట్లో మట్టి గీకి చూస్తే నాలుగు దిక్కులా చాచిన పాదం కనిపించింది. దాని చుట్టూ సిమెంటు లేదు కాబట్టి పోలిక పూర్తిగా న్యాయమైనది కాదని పక్కింటాయన వాదించారు, అది ఒప్పుకుంటాను. కాని జాతి మంచిది కాదన్న మాట మాత్రం ఆ చెట్టు దగ్గర నిలవలేదు.

ఆ చెట్టును చూపించే తక్కిన ఆరింటికి గడువు సంపాదించాను. కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోవాలని కూడా గుర్తుచేశాననుకోండి. ఒక్కో మాను చుట్టూ కాంక్రీటు పగలగొట్టించి, నీళ్లతో మట్టి కడిగి చూశాం. రెండింటికి పాదం బాగుంది. మూడింటికి అడ్డంగా పడిన వేర్లు ఉంటే ఉలితో కోసి తీశాం. వాటిలో ఒకటి మానులోకి బొటనవేలు లోతున దిగబడి ఉంది. ఆరోది మా చెట్టుకు కవలపిల్లలా ఉంది, కదిపితే నేల కదిలింది. దాన్ని అనుమతి తీసుకుని కొట్టించేశాం. అది కొట్టించమని చెప్పింది నేనేనని ఇక్కడ రాయకపోతే న్యాయం కాదు.

మా గేటు పక్కన ఈసారి మొక్క కొనలేదు. ప్లాటులోని చెట్టు కాయలే తెచ్చి, వేడినీళ్లలో ముంచి రాత్రంతా నానబెట్టిన మూడు గింజలను, ప్రహరీకి పది అడుగుల దూరంలో, ఆరడుగుల వెడల్పున గుల్ల చేసిన నేలలో తొలకరికి పాతాను. రెండు మొలిచాయి, ఒకదాన్ని తీసేశాను. ఇప్పుడది నా తల దాటింది. మొన్న వానలకు మొదలు నుంచి నాలుగడుగుల దూరంలో మట్టి కొంచెం కొట్టుకుపోతే, చూపుడువేలంత వేరొకటి గీత గీసినట్టు తిన్నగా సాగుతూ కనిపించింది. అది పోతున్నది పక్కింటి ప్రహరీ వైపు. అటుగా వెళ్తున్న ఆయన ఆగి వంగి చూసి, "ఇది మా గోడ వైపే వస్తోందేంటండీ?" అన్నారు. పది అడుగులు వచ్చేసరికి సన్నబడిపోతుందనీ, ఇరుపక్కలా గుల్లమట్టి ఉన్నంతకాలం పునాదిని పట్టించుకోదనీ, దాని బలంతోనే చెట్టు ఈసారి ఆయన గోడ మీద పడకుండా ఉంటుందనీ చెప్పి, వేరు మీద మట్టి కప్పాను. ఆయన కాసేపు ఆలోచించారు.

"పద్నాలుగేళ్లాగి చూద్దాం లెండి" అన్నారు.